కాళ్ల దగ్గరి చేప

ఉర్బానో రపోజోకి మోకాలి ఆపరేషన్ అయిన పద్దెనిమిదో రోజున, అతని భార్య ఫిలొమెనా ఆకుకూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, "ఆ చేపేదో నేను పడతాను" అంది.

వంటింట్లో అప్పుడు ముగ్గురున్నారు. ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీదికి కాలు చాపుకున్న ఉర్బానో, పొయ్యి దగ్గర ఫిలొమెనా, గుమ్మంలో టోపీ నలుపుకుంటూ అన్సెల్మో. అన్సెల్మో ఉర్బానోకి పిన్ని కొడుకు. క్విన్సెట్ తీరంలో ఒడ్డు మీంచి గాలం వేసేవాళ్ల సంఘానికి కార్యదర్శి కూడా. కూర్చోమంటే కూర్చోలేదు. చెడ్డకబురు నిలబడే చెప్పాలని అతని నమ్మకం.

కబురు ఇదీ. ఒడ్డుకి ట్రక్కు వెళ్లే ఇసుక బాటకి ఒక గేటుంది. దాని తాళంచెవి సంఘంలో ఉన్న ఇరవై నాలుగు ఇళ్లకే ఉంటుంది. ఆ ఇళ్లవాళ్లు ఏడాదికి ఒక్క చారల చేపనైనా పట్టి తెచ్చి, గేటు స్తంభానికి బిగించిన పలక మీద పెట్టి కొలిపించాలి. ఇరవై ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు, ముప్పై ఒకటి దాటకూడదు. ఆ కొలత సంఘానిది కాదు, సర్కారుది. అక్టోబరు ఆఖరి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా చేప పలకెక్కకపోతే తాళంచెవి వదులుకోవాలి. ఉర్బానోకి వేసవంతా ఒడ్డున కూర్చుని మోకాలు పట్టుకుని మూలగడంతోనే సరిపోయింది. ఇవాళ బుధవారం, ఆ ఆదివారానికి ఇంక నాలుగు రోజులే.

"నా చేతిలో ఏముందన్నయ్యా," అన్నాడు అన్సెల్మో. "రూలు రూలే. వెయిటింగ్ లిస్టులో పదకొండుమంది కాసుక్కూచున్నారు. ఫోన్ల మీద ఫోన్లు."

ఉర్బానో ముఖం పిండి జారిన దోసెలా అయింది. అప్పుడే ఫిలొమెనా కత్తి పక్కన పెట్టింది.

"ఆడవాళ్లు ఎప్పుడూ పట్టలేదు వదినా," అన్నాడు అన్సెల్మో.

"పట్టకూడదని రాసుందా?"

"రాయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు."

"ఇంటికొక చేప అనే కదా ఉంది. నేనీ ఇంటి మనిషిని కాదా?"

అన్సెల్మో అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య కిటికీ వైపు చూశాడు. అలా ఆ విషయం తేలిపోయింది.

మొగుడి మీద జాలితోనే ఆమె ఆ మాట అందని అన్సెల్మో వీధి వీధంతా చెప్పాడు. జాలి కొంత ఉంది, లేదనను. అసలు సంగతి వేరు. ముప్పై ఏళ్లుగా ఉర్బానో తెల్లారుజామున మూడున్నరకి లేచి సముద్రానికి పోతున్నాడు. ఈ పద్దెనిమిది రోజులుగా మూడున్నరకి లేచి వంటింటికి వస్తున్నాడు. పప్పుల డబ్బాలు ఎత్తు ప్రకారం సర్దాడు. సూపులో సాసేజ్ ముక్కలు ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా అని ఆమెకి పాఠం చెప్పాడు. కత్తి పట్టుకోవడం తప్పన్నాడు. ఆ తాళంచెవి పోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఈ వంటింట్లోనే ఉంటాడన్న సత్యం బుధవారం మధ్యాహ్నం ఆమెకి తెలిసొచ్చింది.

సాయంత్రం పెరట్లో పాఠం మొదలైంది. పదడుగుల గాలం కర్ర, దానికి దారం చుట్టే రీలు, దారం చివర ఎరగా కొక్కేలున్న చేప బొమ్మ. బొమ్మ తీసేసి దాని బదులు బంగాళాదుంప కట్టాడు ఉర్బానో. తను కిటికీలో కూర్చుని కేకలు పెట్టాడు. మొదటి విసురుకి దుంప వెనక్కి పోయి తీగ మీద ఆరేసిన దుప్పటికి తగిలింది. మూడోదానికి పొరుగింటి కుక్క పారిపోయింది. పన్నెండోది ముందుకే పోయింది కానీ ఇరవై అడుగులకి మించలేదు.

"ఇంకా దూరం. నడుమ్‌లోతు నీళ్లలోకి దిగు, ఆకాశం కలిసే చోటు చూసి విసురు," అన్నాడు ఉర్బానో.

"అదలా ఉంచు. నిలబడేదెక్కడో చెప్పు."

"ఏనుగు రాయి దగ్గర," అన్నాడు ఉర్బానో రెప్ప వెయ్యకుండా. "ముప్పై ఏళ్లలో ఆ రాయి నన్ను ఉత్తచేతుల్తో పంపలేదు."

గురువారం పొద్దున్న ఏడింటికి ఆమె ఏనుగు రాయి దగ్గర ఉంది. ఉర్బానో నీళ్లలో దిగడానికి వేసుకునే రబ్బరు లాగు ఛాతీ దాకా రావాల్సింది, ఆమెకి గడ్డం దాకా వచ్చింది. ఫిలొమెనాకి ఈత రాదు. మోకాళ్ల లోతు దాటి ఒక్క అడుగు వేసిందో లేదో కెరటం వచ్చి కూర్చోబెట్టింది. లేచింది. ఇంకోటి కూర్చోబెట్టింది. మూడోసారి తనే కూర్చుంది, ఎలాగూ తప్పదని.

నాలుగు గంటలు విసిరింది. నాచు పడింది, ఒక చేతి తొడుగు పడింది. పదకొండింటికి డ్వైట్ ఆల్మీ అటువైపు నడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, సంఘంలో అందరికంటే పాతవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ.

"ఇక్కడ నిలబడమని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"మా ఆయన."

డ్వైట్ తలూపాడు. చాలాసేపు రాయి వైపు చూశాడు. "నన్నూ పంపాడు," అన్నాడు. "తొంభై నాలుగులో."

ఫిలొమెనా లాగులోంచి నీళ్లు వంపుకుని, ట్రక్కెక్కి, ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది.

"నాకు కూడానా?" అంది.

ఉర్బానో ముఖం ఎర్రబడింది. తప్పు అతని ఒక్కడిదీ కాదు. ఆ ఒడ్డున ఎవరూ ఎవరికీ నిజం చెప్పరు. పట్టినవాడు చేపని ఇసుకలో పూడ్చి పెట్టి, ఏమీ పడలేదని ఈలేసుకుంటూ నిలబడతాడు. పూడ్చిన చోటు మరిచిపోయి పొద్దస్తమానం ఇసుక తవ్వినవాళ్లు కూడా ఉన్నారు. అన్సెల్మోకే రెండుసార్లు జరిగింది. అబద్ధం ఆడటం ఆ ఒడ్డున మర్యాద.

"కావాలని కాదు మెనా. నోరు దానంతటదే అనేసింది."

"సరే. ఇప్పుడు నిజం చెప్పు."

ఉర్బానో నోరు తెరిచాడు. మూశాడు. "కంచె చివర... దక్షిణం వైపు..."

"ఇదీ అబద్ధమేనా?"

"అవును," అన్నాడు ఉర్బానో, పాపం, నిజాయితీగా. "రావట్లేదు మెనా. గొంతు దాకా వస్తోంది, దిగిపోతోంది."

ఆమెకి కోపం రావాల్సిందే, కానీ నవ్వొచ్చింది. మొగుడి నోట నిజం రాదని తేలాక మనిషి సొంత కళ్లని నమ్ముకోవాలి. ఆ కళ్లు చిన్నవేం కావు. జూన్ దాకా ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపాయి.

శుక్రవారం గాలం కర్ర ఇంట్లోనే పెట్టి, మధ్యాహ్నం మూడింటికి, నీరు బాగా తీసిన వేళ ఒడ్డుకి వెళ్లింది. కాఫీ ఫ్లాస్కు, ఒక తీపి రొట్టె ముక్క. ఇంకెవరూ లేరు. చేపలు పడని వేళ ఆ మగవాళ్లకి సముద్రంతో పని లేదు.

నిన్న పొద్దున్న అంతా ఒకే నీళ్లలా కనిపించినది ఇప్పుడు విప్పి ఆరేసినట్టుంది. ఒడ్డుకి యాభై గజాల అవతల ఇసుక తిన్నె ఒకటి పొడుగ్గా పడుకుని ఉంది. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య, ఒడ్డుని ఆనుకునే, కాలువలాంటి పల్లం. అందులో ఇంకా మోకాలిలోతు నీళ్లున్నాయి. ఆ నీళ్లలో వేలెడేసి చేపపిల్లలు బిలబిల్లాడుతున్నాయి. తిన్నెకి ఒక్కచోట గండి పడింది. పల్లంలో నీళ్లన్నీ ఆ గండిలోంచే సముద్రంలోకి పోతున్నాయి.

ఫిలొమెనా ఇసుకలో కూర్చుని కాఫీ పోసుకుంది. రొట్టె నములుతూ అటే చూసింది.

స్కూలు పిల్లలు ఎప్పుడూ ఎక్కడపడితే అక్కడ రోడ్డు మీదికి రారు. ఒక సందు చివర, ఒక కంచె విరిగిన చోట, అక్కడే వస్తారు. రోజూ అక్కడే. ఆ సంగతి తెలిసిన డ్రైవరు అక్కడ బ్రేకు మీద కాలు పెడుతుంది. ఆకలేసిన చేపకి మాత్రం ఆ మాత్రం తెలీదా? పోటు ఎక్కినప్పుడు గండిలోంచి లోపలికొచ్చి, ఈ పల్లంలో, ఒడ్డుకి ఆనుకుని, పిల్లచేపల కోసం తిరుగుతుంది. మరి నడుమ్‌లోతు దిగి నిలబడ్డ మగవాళ్లందరూ ఎక్కడ నిలబడుతున్నట్టు? సరిగ్గా ఆ పల్లంలో. చేప ఉండాల్సిన చోట తాము నిలబడి, చేప లేని చోటికి ఆకాశం కలిసేదాకా విసురుతున్నారు.

ఆమెకి ఒళ్లంతా నవ్వొచ్చింది. లేచి, ఒడ్డు పొడుగునా ఉన్న కంచె స్తంభాల్లో గండికి ఎదురుగా ఉన్నది ఎన్నోదో లెక్కపెట్టుకుంది. గేటు నుంచి నలభై ఒకటోది. రాసుకోలేదు. ఇరవై ఆరేళ్లలో ఏ పిల్లాడి ఇల్లూ రాసుకోలేదు.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి పోటు ఎక్కుతోంది. రబ్బరు లాగు వేసుకోలేదు. తోటపనికి వాడే బూట్లతో నలభై ఒకటో స్తంభానికి ఎదురుగా తడి ఇసుక మీద నిలబడింది. అప్పటికే కుడివైపున అన్సెల్మో, ఎడమవైపున గిల్ మెడైరోస్ నడుమ్‌లోతు నీళ్లలో ఉన్నారు. గిల్ ముప్పై ఐదేళ్ల ప్లంబరు, మంచి మనిషి, మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఆమె బస్సెక్కినవాడు.

"మిసెస్ రపోజో, అక్కడ్నించి వేస్తే నీళ్లు కూడా అందవండి," అని కేకేశాడు. "ఇలా లోపలికి రండి, నేను పట్టుకుంటాను."

"నీ పని నువ్వు చూసుకో గిల్బర్ట్."

గిల్ ముందుకి తిరిగాడు. ఆ గొంతుకి అతనింకా ముందుకే తిరుగుతాడు.

ఆమె ఏటవాలుగా, ఒడ్డుకి దాదాపు సమాంతరంగా, ఇరవై అడుగులే విసిరింది. మెల్లగా చుట్టింది. మళ్లీ విసిరింది. గంటన్నర. ఒకసారి బొమ్మ నురగలోకి వచ్చేసింది, ఇక పైకి తీద్దామని కర్ర ఎత్తుతోంది, ఆమె బూటుకి రెండు గజాల దూరంలో నీళ్లు గిన్నెలా లోతుపడ్డాయి. కర్ర వంగిపోయింది. ఆమె నోరు తెరిచేలోపు టప్ మని దారం తెగింది.

కుడిపక్కా ఎడమపక్కా ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఏమీ చూడనట్టు సముద్రం వైపు తిరిగారు. ఆ ఒడ్డున అదీ మర్యాదే.

ఇంటికొచ్చి తెగిన దారం కొస బల్ల మీద పెట్టింది. ఉర్బానో దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"రీలు బిగించేశావా?"

"నువ్వే బిగించమన్నావ్. బుధవారం."

ఉర్బానో తల దించుకున్నాడు. రీలు ఒళ్లో పెట్టుకుని మర చిన్నగా వదులు చేశాడు. దారం పట్టి లాగి చూశాడు, ఇంకాస్త వదులు చేశాడు. "పోనియ్యి దాన్ని," అన్నాడు గొంతు తగ్గించి. "పరిగెత్తితే పరిగెత్తనియ్యి. అల వెనక్కి పోయేటప్పుడు చుట్టకు. అల ముందుకొచ్చేటప్పుడు నువ్వు వెనక్కి నడు, అదే తెచ్చి నీ ముందు పడేస్తుంది." అని ఆగిపోయాడు. తన నోట నిజం వచ్చిందని అతనికే అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఆ రాత్రి సూపు బాగుందన్నాడు.

ఆదివారం ఒడ్డున ముగ్గురున్నారు. అన్సెల్మో, గిల్, డ్వైట్. సాక్ష్యానికి వచ్చామన్నాడు అన్సెల్మో. గాలాలు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నారు. ముగ్గురూ నడుమ్‌లోతులో వరసగా నిలబడ్డారు. ఫిలొమెనా వాళ్లకి వెనగ్గా పొడి బూట్లతో నిలబడింది.

తొమ్మిదిన్నరకి చేప తగిలింది. ఈసారి దారం తెగలేదు. రీలు గీమంటూ పాడింది. చేప గండి వైపు పరిగెత్తింది, ఆమె ఒడ్డమ్మటే దాని వెంట నడిచింది. గిల్ దారం కింద వంగి తప్పుకున్నాడు. అన్సెల్మో వంగడం మరిచిపోతే టోపీ పోయింది. అల వెనక్కి పోతుంటే ఆగింది, ముందుకొస్తుంటే వెనక్కి నడిచింది. "పోనీలే అమ్మా, పోనీలే," అంటూ గొణుక్కుంది, చేపతోనో తనతోనో. ఒక పెద్ద అల వచ్చి, దాన్ని తెచ్చి, ఆమె బూట్ల ముందు పెట్టి వెళ్లిపోయింది.

వెండి ఒళ్లు, మెడ నుంచి తోక దాకా నల్లటి ఏడు చారలు. ఫిలొమెనా జన్మలో అంత అందమైనదాన్ని ముట్టుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉప్పుగాలి అనుకోమంది వాళ్లని.

గిల్ టేపు తీశాడు. చేపని తడి ఇసుక మీద చాపి, తోక రెండు కొసలూ కలిపి నొక్కి కొలిచాడు.

"ఎంత?" అంది.

"ముప్పై ఒకటిన్నరండి."

"ఇసుక సమంగా లేదు," అన్నాడు అన్సెల్మో. "మళ్లీ చూడు." మళ్లీ చూశాడు. ముప్పై ఒకటిన్నరే. "తోక నొక్కకుండా కాస్త విప్పి..." అన్నాడు గిల్. డ్వైట్ హఠాత్తుగా ఆకాశంలో పక్షి ఏదో చూడటానికి తల తిప్పుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా పలక మీద పావంగుళం కూడా వదలని అన్సెల్మో గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నాకు పొద్దుటిపూట చూపు సరిగ్గా ఆనదు. గేటు దాకా తీసుకొస్తే అక్కడ నాకు ముప్పై ఒకటిగానే కనిపించొచ్చు."

ఆమె అతని ముఖం చూసింది. నిజంగానే అంటున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మనిషి మీద ఆమెకి ప్రేమ కలిగింది. వంటింటి కుర్చీ, దాని మీద చాపిన కాలు, ఎత్తు ప్రకారం సర్దిన డబ్బాలు కళ్ల ముందు కనపడ్డాయి. సరేనంటే సరిపోతుంది. చేప మొప్పలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"నీ చూపు ఎలా ఉన్నా అన్సెల్మో, నా చూపు బాగానే ఉంది," అంది.

కొక్కెం తీసి, కింది పెదవి ఒక చేత్తో, తోక మొదలు ఒక చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగింది. మోకాలి లోతు దాటింది. తొడలు దాటింది. ఈత రాదన్న సంగతి మరిచిపోయింది. చేపని అలకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ ఊపింది, అది ఊపిరి తీసుకునేదాకా. ఉన్నట్టుండి తోక ఆమె అరచేతిని ఒక్క తోపు తోసింది. చేతుల్లో నీళ్లే మిగిలాయి.

వెనక్కి తిరిగితే ముగ్గురు మగవాళ్లూ పొడి ఇసుక మీద ఉన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. తడి ఇసుక మీంచి ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ, సముద్రానికి గౌరవం ఇస్తున్నట్టు ముఖం అటే పెట్టుకుని వచ్చేశారు. గిల్ ఏటవాలుగా ఇరవై అడుగులు విసిరాడు. పావుగంటలో ఇరవై తొమ్మిదంగుళాల చేప పట్టి, "మిసెస్ రపోజో, ఇది మీదే అనుకోండి," అని పట్టుకొచ్చాడు.

"వెళ్లి నీ సీట్లో కూర్చో గిల్బర్ట్," అంది ఆమె, మెత్తగానే.

పన్నెండు దాకా విసిరింది. ఇంకేమీ పడలేదు.

పన్నెండింటికి గేటు దగ్గర ఖాళీ పలక పక్కన నిలబడి, గుత్తిలోంచి తాళంచెవి తీసి అన్సెల్మో చేతిలో పెట్టింది. అన్సెల్మో దాన్ని తీసుకోలేక తీసుకున్నాడు. తర్వాత జేబులోంచి వెయిటింగ్ లిస్టు తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయిన పసుపుపచ్చ కాగితం.

"ఇక మొదటి పేరుకి కబురు చెయ్యాలి," అన్నాడు. "లియాండ్రో పచేకో."

"పోయాడు," అన్నాడు డ్వైట్.

"ఎప్పుడు?"

"మొన్నటి శీతాకాలానికి ముందు శీతాకాలం. నువ్వే శవపేటిక మోశావ్."

అన్సెల్మో పేరు కొట్టేశాడు. రెండోవాడు ఫ్లోరిడా వెళ్లిపోయాడు. మూడోవాడు పడవ కొనుక్కుని ఒడ్డువాళ్లని చూసి నవ్వుతున్నాడు. నాలుగోవాడికి విడాకులయ్యాక చేప వాసనే పడట్లేదు. ఇద్దరు ఒకే మనిషి అని తేలింది, రెండుసార్లు రాయించుకున్నాడు, ఇప్పుడు ఒక్కసారి కూడా వద్దన్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది పేర్లు చదివేసరికి అన్సెల్మో గొంతు సన్నబడింది. పదకొండోది ఎవరో ముగ్గురికీ తెలీదు. గిల్ ఆ నంబరుకి ఫోన్ చేశాడు. బేకరీ వాళ్లు ఎత్తి, కేకా రొట్టా అని అడిగారు.

"ఫోన్ల మీద ఫోన్లు," అంది ఫిలొమెనా.

అన్సెల్మో కాగితం మడవబోయాడు.

"లిస్టులో పేరు రాయించుకోవాలంటే ఏం చెయ్యాలి?" అందామె.

"ఏముంది వదినా. పేరు చెప్పడమే."

"ఫిలొమెనా కొర్రెయా రపోజో."

అన్సెల్మో కారు బానెట్ మీద కాగితం పెట్టి, కొట్టేసిన పదకొండు పేర్ల కింద ఆమె పేరు రాశాడు. రాసి, కాసేపు ఆలోచించి, తల గోక్కున్నాడు. "మొదటి పేరు... ఫిలొమెనా కొర్రెయా రపోజో," అని పైకి చదివాడు. రూలు ప్రకారం కబురు చేశాడు. రూలు ప్రకారం ఆమె సరేనంది. తాళంచెవి అన్సెల్మో చేతిలో రెండు నిమిషాలు కూడా ఉండలేదు.

"అన్నయ్య పేరు మాత్రం సంఘం పుస్తకంలోంచి తీసెయ్యాలి," అన్నాడు అన్సెల్మో మెల్లగా. "రూలు."

"రూలు రూలే," అన్నాడు డ్వైట్. ఆ రోజుకి అతని మాటలన్నీ అయిపోయాయి.

ఇంటికొచ్చేసరికి ఉర్బానో కిటికీ దగ్గర ఉన్నాడు. నడుం దాకా తడిసిన పెళ్లాన్నీ, ఉత్త చేతుల్నీ చూసి, కాలు దించి ఎదుటి కుర్చీ ఖాళీ చేశాడు. ఆమె ఎదురుగా కూర్చుని వరసగా అంతా చెప్పింది, కొలత దగ్గర కూడా తగ్గించకుండా. ఉర్బానో విన్నాడు. వదిలేశానన్న చోట కళ్లు మూసుకున్నాడు, మోకాలు నొప్పి వచ్చినట్టు. గేటు దగ్గర సంగతి చెప్పేసరికి తెరిచాడు.

"అయితే నా పేరు లేదు."

"లేదు."

"నేను వెళ్లాలంటే..."

"నాతో రావాలి. మోకాలు బాగయ్యాక."

అతనికి కోపం వస్తుందేమోనని ఆమె చూసింది. రాలేదు. కొంచెం బెరుకుగా, కొత్తగా పనిలో చేరినవాడిలా అడిగాడు.

"రేపు వెళ్తావా?"

"వెళ్తాను."

"భోజనానికి వచ్చేస్తావా?"

ఫిలొమెనా గోడ మీద ఉన్న ఆటుపోట్ల పట్టిక దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి సోమవారం గడి చూసింది. అవతలి గడి కూడా చూసింది.

"పోటు పన్నెండింటికి," అంది. "నువ్వు వండుకుని తినెయ్."